కసాయి ఆపరేషను తరువాత

మోరియో కసాయి జపాను దేశస్థుడు. సెండాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు. 1922లో పుట్టి 2008లో కాలం చేశాడు. ఆయన ఇంటిపేరుకు మన భాషలో వచ్చే అర్థానికి ఆయన బాధ్యుడు కాడు. కాని "మీ పాపకు కసాయి ఆపరేషను చెయ్యాలి" అని ఒక తెలుగు తల్లితో అన్నప్పుడు ఆవిడ గుండె ఝల్లుమనడంలో ఆశ్చర్యమూ లేదు. రెండు నెలల బిడ్డను బల్లమీద పడుకోబెట్టే ముందు, అది మనిషి పేరేనని, ఆ మనిషి పుణ్యాన వేలాదిమంది పిల్లలు బతికి బట్టకట్టారని ఒక్క ముక్క చెబితే బాగుంటుంది.

నేను రాయదలచుకున్నది ఆపరేషను గురించి కాదు, ఆ తరువాతి సంవత్సరాల గురించి. అయినా ముందు జబ్బేమిటో చెప్పాలి. కాలేయంలో తయారైన పైత్యరసం నాళాల గుండా పేగులోకి దిగాలి. కొందరు శిశువుల్లో ఈ నాళాలు పుట్టుకకు అటూ ఇటూగా వాచి, పూడుకుపోయి, చివరకు పీచుతాడులా మిగులుతాయి. దీనిని వైద్యులు బిలియరీ అట్రీషియా అంటారు. ఐరోపా, అమెరికాలలో 15 నుండి 20 వేల జననాలకు ఒకరికి వస్తుంది, తైవానులో అంతకంటె బాగా ఎక్కువ. పసిరికలు రెండు వారాలు దాటినా తగ్గవు. మూత్రం ముదురు పసుపు, మలం సున్నపు రంగు. మన ఊళ్ళలో "ఎండ చూపించండి, తగ్గిపోతుంది" అనేవారొకరు, పసరు పోయించమనేవారొకరు. పుట్టిన వారంలో వచ్చే మామూలు కామెర్లకు మొదటి సలహా చెల్లినా చెల్లవచ్చు. మూడో వారంలో మలం తెల్లబడిన బిడ్డకు ఈ రెండూ కాలహరణమే. ఆపరేషను 60 రోజుల లోపు జరిగితే పైత్యరసం పారే అవకాశం ఎక్కువ. తైవాను ప్రభుత్వం 2004లో మలం రంగుల కార్డును దేశమంతటా తల్లుల చేతికిచ్చింది. జపాను 2012 నుండి తల్లీబిడ్డల పుస్తకంలోనే ఆ కార్డును చేర్చింది. రంగులు చూసి పోల్చుకోవడానికి చదువు కూడా అక్కరలేదు.

పూడిపోయిన నాళాలను కోసి తీసేసి, కాలేయం ముఖద్వారానికి ఒక పేగు మడతను తెచ్చి కుట్టడం కసాయి చేసిన పని. 1955లో మొదటిసారి చేశాడు. అక్కడ ఆగని రక్తస్రావాన్ని ఆపడానికి పేగును అడ్డంగా పెట్టాడనీ, ఆ తరువాత ఎవరూ అనుకోని విధంగా బిడ్డ మలానికి రంగు వచ్చిందనీ చెబుతారు. 1959లో జపాను భాషలో ప్రచురించాడు. ఇంగ్లీషులో 1968 దాకా రాలేదు, పాశ్చాత్యులు ఆ తరువాత కూడా చాలాకాలం నమ్మలేదు. (ఒక భాషలో ఉన్న జ్ఞానం మరో భాషవాడికి చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో, తెలుగులో రాయడమనే పని పెట్టుకున్న మనకు వేరే చెప్పనక్కరలేదు.)

ఇక అసలు విషయం. ఆపరేషను తరువాత కళ్ళు తెల్లబడతాయి, మలం పచ్చబడుతుంది. "ఆపరేషను సక్సెస్" అంటారు. ఇంటిల్లిపాదీ తిరుపతికో అన్నవరానికో వెళ్ళి మొక్కు తీర్చుకుని వస్తారు. నాకు ఆ సంతోషంతో తగాదా లేదు, ఆ ఇంగ్లీషు మాటతోనే తగాదా. సక్సెస్ అనగానే వినేవాడి చెవిలో కథ ముగిసినట్టే. నిజానికి పేగు అతికించడంతో కాలేయం బయటి నాళాల సమస్య తీరింది. లోపలి సన్నని నాళాలలో మొదలైన వాపు మాత్రం చాలామందిలో అలాగే ఉంటుంది, పైత్యరసం చక్కగా పారుతున్నా సరే. కాలేయంలో నక్షత్రాకారపు కణాలు కొన్ని ఉన్నాయి. మామూలు రోజుల్లో ఎ విటమినును దాచుకుని నెమ్మదిగా పడి ఉంటాయి. గాయం కొనసాగుతున్న కొద్దీ ఇవే రూపు మార్చుకుని కొలాజెన్ అనే పీచును నేస్తూపోతాయి. కాలేయం క్రమంగా గట్టిపడుతుంది.

ఫైబ్రోసిస్ అనే ఈ స్థితిని నేను పీచుబారడం అంటాను. ముదిరిన బెండకాయను ఎరిగినవారికి అంతకంటె వివరణ అవసరం లేదు.

ఎంతమందిలో ఎంత వేగంగా పీచుబారుతుందనేది బిడ్డను బట్టి ఉంటుంది. సొంత కాలేయంతోనే 20 ఏళ్ళు నిండేవారు, దేశాన్ని బట్టి, పావువంతు నుండి సగం లోపు. మిగతావారికి ఎప్పుడో ఒకప్పుడు కాలేయ మార్పిడి తప్పదు. ఆ "ఎప్పుడో" ఎప్పుడన్నదే ప్రశ్న.

నేను వైద్యుణ్ణి కాను. బాయిలర్ల గొట్టాలను, వెల్డింగు అతుకులను ధ్వనితరంగాలతో పరీక్షించే ఉద్యోగం నాది. అంచేత కొలత గురించి నాకు కొన్ని పట్టుదలలున్నాయి. ఒక గొట్టం గోడ మందం ఈ రోజు ఇంత ఉందంటే నాకేమీ తెలియదు. పోయినేడు ఎంత, అంతకు ముందేడు ఎంత, కొలిచినది అదే చోటా, అదే ప్రోబుతోనా అన్నది తెలిస్తే, ఇంకా ఎన్నేళ్ళు పనిచేస్తుందో చెప్పగలను. మా వృత్తిలో ఇది మొదటి వారం నేర్పే పాఠం. పిల్లల కాలేయం దగ్గరకు వచ్చేసరికి ఈ పాఠాన్ని ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకు అర్థం కాలేదు.

మా పినతల్లి కూతురి బిడ్డకు 68వ రోజున ఈ ఆపరేషను జరిగింది. మూడు నెలలకు బిలిరుబిన్ 2 కంటె దిగువకు వచ్చింది. ఇది నిజంగా శుభసూచకమే, ఈ గీటురాయిని దాటిన పిల్లలు మొదటి రెండేళ్ళు సొంత కాలేయంతో నెగ్గుకొచ్చే అవకాశం బాగా ఎక్కువ. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. డిశ్చార్జి కాగితం అడుగున "రివ్యూ ఎస్.ఓ.ఎస్." అని ఉంది. అంటే, అవసరమైతే రండి అని. అవసరమో కాదో తేల్చవలసింది ఎవరు? తల్లి. దేనిని బట్టి? కళ్ళ రంగును బట్టి. కళ్ళు తెల్లగానే ఉన్నాయి. మూడేళ్ళు నిండే ముందు ఒక రాత్రి పాప నెత్తురు కక్కుకుంది.

పీచుబారిన కాలేయంలోంచి రక్తం సాఫీగా పోలేదు. పేగులనుండి వచ్చే సిరలో ఒత్తిడి పెరుగుతుంది, దారి దొరకని రక్తం అన్నవాహిక గోడల్లోని సిరలను ఉబ్బిస్తుంది, ఒకనాటికి అవి చిట్లుతాయి. ఇదంతా బిలిరుబిన్ మామూలుగా ఉన్న బిడ్డలోనూ జరగవచ్చు. రంగు వేరు, ఒత్తిడి వేరు. పాప ప్లీహం బొడ్డు దాకా దిగి ఉంది. ఎండోస్కోపీలో ఉబ్బిన సిరలకు రబ్బరు పట్టీలు వేశారు, గండం గడిచింది.

ఆ తరువాత నేను పాప పాత కాగితాలన్నీ తెప్పించుకుని చూశాను. జ్వరాలకనీ, టీకాలకు ముందనీ, డెంగీ అనుమానమనీ నాలుగు సార్లు రక్తపరీక్షలు చేయించారు, నాలుగూ వేరువేరు చోట్ల. ప్లేట్లెట్లు వరసగా 3 లక్షల 40 వేలు, 2 లక్షల 60 వేలు, 1 లక్షా 90 వేలు, 1 లక్షా 30 వేలు. మొదటి మూడింటి పక్కన "మామూలు" అని ముద్ర. నాలుగోదాన్ని చూసిన డాక్టరు డెంగీ లెక్కలో చూసి, భయం లేదన్నాడు. ఆయన లెక్కలో ఆయన సరైనవాడే. పెరిగిన ప్లీహం ప్లేట్లెట్లను పట్టి దాచుకుంటుంది కాబట్టి ఆ నాలుగు అంకెలూ కాలేయపు ఒత్తిడి గీతను ఏడాదిన్నరగా గీస్తూనే ఉన్నాయి. నాలుగు కాగితాలనూ ఒక బల్లమీద పక్కపక్కన పెట్టినవాడు లేడు, అంతే.

నా అభిప్రాయమంతా ఈ ఒక్క చోట ఉంది. మనకు కొరవడింది యంత్రం కాదు, వరస.

యంత్రాల సంగతీ చూద్దాం, వాటిమీద నాకు వృత్తిగతమైన ప్రేమ కూడా ఉంది. ఇదివరలో కాలేయం ఎంత పీచుబారిందో తెలియాలంటే సూదితో ముక్క తీయడమొక్కటే దారి. సంతలో బెండకాయ కొన విరిచి చూసినట్టన్నమాట. విరిచిన కాయ సంగతి తెలుస్తుంది, బుట్ట సంగతి ఊహించుకోవాలి. పెద్దవారిలో ఆ ముక్క కాలేయంలో 50 వేలవ వంతని లెక్క. ఈ జబ్బు చేసిన కాలేయమేమో అంతటా ఒకేలా పీచుబారదు. ముఖద్వారం దగ్గర పైత్యరసం బాగా పారే భాగం పెరిగి మెత్తగా ఉండవచ్చు, అంచులు కుంచించుకుపోయి ఉండవచ్చు. సూది ఎక్కడ దిగిందన్నదాన్ని బట్టి తీర్పు మారుతుంది. పైగా పసిపిల్లకు మత్తు ఇవ్వాలి, రక్తస్రావం ప్రమాదమూ ఉంది. నిర్ధారణకు బయాప్సీ కావాలి, కాదనను. ఏటేటా గమనించడానికి మాత్రం అది పనికిరాదు.

తరువాత వచ్చినది పుచ్చకాయను తట్టి చూసే పద్ధతి. ప్యారిస్ నగరపు ఎకోసెన్స్ సంస్థ ఫైబ్రోస్కాన్ అనే యంత్రాన్ని 2003 ప్రాంతాల తీసుకొచ్చింది. పక్కటెముకల మధ్య ప్రోబు పెట్టి చర్మంమీద చిన్న తాటింపు తాటిస్తుంది, 50 హెర్ట్జుల తాటింపు. ఆ కుదుపు కాలేయంలో ఎంత వేగంగా ప్రయాణించిందో అతిధ్వని తరంగాలతో కనిపెడుతుంది. గట్టి పదార్థంలో కుదుపు వేగంగా పోతుంది. వేగం సెకనుకు 1 మీటరయితే గట్టిదనం 3 కిలోపాస్కళ్ళు, 2 మీటర్లయితే 12, 3 మీటర్లయితే 27. వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఇది 4, 5 కిలోపాస్కళ్ళ దగ్గర ఉంటుంది. నొప్పి లేదు, సూది లేదు. పది సరైన కొలతలు తీసి మధ్యమాన్ని చెబుతారు. చూసే మేర కూడా సూదిముక్కకు సుమారు వంద రెట్లు.

ఇక్కడే నాబోటివాడు అడ్డుపడాలి. ఆ అంకె పీచును కొలవదు, గట్టిదనాన్ని కొలుస్తుంది. కాలేయం గట్టిపడటానికి పీచు ఒక కారణం, అంతే. పైత్యరసం నిలిచినా గట్టిపడుతుంది, వాపు వచ్చినా గట్టిపడుతుంది, అప్పుడే పాలు తాగినా కొంత పెరుగుతుంది. కసాయి ఆపరేషను అయిన పిల్లలకు పేగుద్వారా సూక్ష్మజీవులు ఎగబాకి పైత్యనాళాలకు చీము పట్టే కొలాంజైటిస్ అనే జ్వరం తరచు వస్తుంది. ఆ వారంలో కొలిస్తే వచ్చే అంకెకు ఏ అర్థమూ లేదు. పొట్టలో నీరు చేరితే ఫైబ్రోస్కాన్ కుదుపు లోపలికే పోదు. ఏడుస్తూ గింజుకునే బిడ్డమీద పది కొలతలు తీయడమెలాగో తీసినవారినడగండి. పిల్లలకు ఎస్ అనే చిన్న ప్రోబు వేరే ఉంది, పెద్దవారి ప్రోబుతో రెండేళ్ళ పిల్లను కొలిచి ఇచ్చిన కాగితం మీద నాకు గౌరవం లేదు. ఇతర సంస్థల స్కానింగు యంత్రాలలో కూడా గట్టిదనం కొలిచే పద్ధతులు వచ్చాయి. కొన్ని మీటర్లలో చెబుతాయి, కొన్ని కిలోపాస్కళ్ళలో. ఒక యంత్రపు అంకెను మరో యంత్రపు అంకెతో పోల్చకూడదు. ఏటా ఆసుపత్రి మార్చే కుటుంబం చేతిలో అయిదు కాగితాలుంటాయి, ఒక్క గీత కూడా ఉండదు.

ఎమ్మారై ఎలాస్టోగ్రఫీ మరింత విశాలంగా చూస్తుంది. 1995లో మేయో క్లినిక్ వారు ఆ పద్ధతికి పునాది వేశారు. చిన్నపిల్లలకు మళ్ళీ మత్తు కావాలి, ఖర్చూ ఎక్కువే. దానిని పక్కన పెడతాను.

చవకైన దారి ఒకటుంది. 2003లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు హెపటైటిస్ సి ఉన్న పెద్దవారికోసం ఒక చిన్న లెక్క కట్టారు. ఎ.ఎస్.టి. అనే ఎంజైము దాని గరిష్ఠ మామూలు విలువకు ఎన్ని రెట్లుందో చూసి, ప్లేట్లెట్ల సంఖ్యతో భాగించి, వందతో హెచ్చించడం. దాని పేరు ఎప్రి. ఎ.ఎస్.టి. 120, గరిష్ఠ విలువ 40, ప్లేట్లెట్లు 3 లక్షలయితే, 3ను 300తో భాగించి వందతో హెచ్చిస్తే 1 వస్తుంది. అదే ఎ.ఎస్.టి.కి ప్లేట్లెట్లు లక్షన్నరకు పడితే 2. అయిదో తరగతి లెక్క. పాప నాలుగు కాగితాలకు ఇది కట్టి చూస్తే గీత నిటారుగా పైకి పోతోంది. పెద్దవారి హద్దులు పిల్లలకు సరిగ్గా అతకవు, ఒక్క ఎప్రి అంకెను పట్టుకుని తీర్పు చెప్పడం తెలివితక్కువ. కాని ఆ బిడ్డనే ఆ బిడ్డతో పోల్చి చూసుకోవడానికి ఇది చాలు. (ఫిబ్-4 అనే ఇంకో లెక్క ఉంది. అందులో వయసుతో హెచ్చిస్తారు. మిగతా అంకెలన్నీ ఒకటే అయినా అరవయ్యేళ్ళ పెద్దాయనకూ రెండేళ్ళ పసివాడికీ 30 రెట్లు తేడా! అది పిల్లలకు పనికిరాదని వేరే చెప్పాలా. అయినా కొన్ని ల్యాబులు వయసు చూడకుండా యంత్రం కట్టినది కట్టినట్టు అచ్చేస్తున్నాయని విన్నాను.)

ఇంతకీ గమనించి ఏం చేస్తాం, పీచును కరిగించే మందు లేనప్పుడు? ఈ ప్రశ్న మా చెల్లెలి అత్తవారింట్లో ఒక పెద్దాయన అడిగారు. తేలిగ్గా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. మందు లేదన్నది నిజం. ఆపరేషను తరువాత స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో ఇస్తే మేలు జరుగుతుందేమోనని అమెరికాలో 140 మంది శిశువులతో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. చెప్పుకోదగిన తేడా నిలబడలేదు. ఏమీ చేయలేని విషయాన్ని తల్లికి ఆరు నెలలకోసారి అంకెల్లో చెప్పడం క్రౌర్యమని ఆయన భావం. ఆయన కరుణ నాకు అర్థమవుతుంది, వాదన మాత్రం నిలవదు. సిరలు ఉబ్బుతున్నాయని ముందే తెలిస్తే చిట్లకముందే ఎండోస్కోపీ చేయించవచ్చు. ప్లీహం పెరిగిందని తెలిస్తే ఆటల్లో పొట్టకు దెబ్బ తగలకుండా చూసుకోవచ్చు, జ్వరానికి పక్క మందుల దుకాణంలో ఐబుప్రోఫెన్ కొని పోయకుండా ఉండవచ్చు. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన కె విటమినుతో సహా ఎ, డి, ఇ విటమినులు తగ్గకుండా చూడవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, మార్పిడికి సిద్ధం కావడానికి వ్యవధి దొరుకుతుంది.

ఈ చివరి మాట మన దేశంలో మరీ బరువైనది. అమెరికాలో 2002 నుండి పెల్డ్ అనే గణన ప్రకారం పిల్లలు వరసలో నిలబడతారు. అందులో బిలిరుబిన్, ఆల్బుమిన్, నెత్తురు గడ్డకట్టే కాలం, వయసు, ఎదుగుదల ఉన్నాయి గాని ప్లేట్లెట్లూ ప్లీహమూ లేవు. ఇక్కడ చాలావరకు కాలేయం ఇచ్చేది ఇంట్లోవారే. 1998 నవంబరులో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో, ఇదే జబ్బుతో పుట్టిన 20 నెలల తమిళ పసివాడికి తండ్రి కాలేయంలో ముక్క పెట్టారు. మన దేశంలో పిల్లలకు జరిగిన మొదటి విజయవంతమైన మార్పిడి అదే. ఆ అబ్బాయి పెద్దయి డాక్టరయ్యాడు. దాత ఇంట్లోనే ఉన్నాడంటే ముహూర్తం పెట్టవలసిన భారం కూడా ఇంటిదేనని అర్థం. అమ్మ రక్తవర్గం కలుస్తుందా, నాన్న కాలేయానికి కొవ్వు పట్టి ఉందా, ఎవరు ఎన్ని నెలలు సెలవు పెట్టాలి, డబ్బు ఎక్కడిది. బిడ్డ అత్యవసర విభాగంలో ఉండగా తేల్చుకునే సంగతులా ఇవి?

కాబట్టి నేను కోరేది చాలా చిన్నది. కసాయి ఆపరేషను అయిన ప్రతి బిడ్డతోపాటు ఒక పుస్తకం ఇంటికి పోవాలి. తెలుగులో. తేదీ, బరువు, బిలిరుబిన్, ఎ.ఎస్.టి., ప్లేట్లెట్లు, ప్లీహం సైజు, గట్టిదనం ఏ యంత్రంతో ఏ ప్రోబుతో కొలిచారు, ఆ వారం జ్వరం ఉందా, ఎన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంది. పక్కన ఒక గీత గీసుకునే కాగితం. మన తల్లులకు గీత అర్థం కాదనేవారు అంగన్వాడీకి వెళ్ళి చూడండి. బరువు గీత పడుతుంటే ఏమిటో అక్షరం రాని తల్లికీ తెలుసు. ప్లేట్లెట్ల గీత అంతకంటె కష్టమైనదేమీ కాదు. "రివ్యూ ఎస్.ఓ.ఎస్." అన్న చోట తేదీలు రాయాలి. "జ్వరం వచ్చినా, మలం తెల్లబడినా, నల్లబడినా అదే రోజు రావాలి" అని రాయాలి. కళ్ళు తెల్లగా ఉన్నంత మాత్రాన మానెయ్యవద్దని కూడా.

మా చెల్లెలు తనే ఒక రెండువందల పేజీల నోటుబుక్కు మొదలుపెట్టింది. "అన్నయ్యా, డాక్టరుగారు ఈసారి నా పుస్తకం అడిగి మరీ చూశారు" అని పోయిన నెల ఫోనులో చెప్పింది. కొత్త డాక్టరు, వేరే ఊరు. కొలిచే యంత్రం కూడా మారింది కాబట్టి గట్టిదనానికి కొత్త పేజీ తెరవమన్నాడట. ఆ మాట విని ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

పీచుబారడం కంటె మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి. చెల్లెలి పుస్తకంలో ప్రస్తుతానికి ఆ గడిమీద "గట్టి" అని మాత్రం రాసి ఉంది.